హాజరుపట్టీ లేని పనివారు

మన కాలనీలలో కొన్నేళ్ళుగా ఒక కొత్త చిక్కు కనబడుతున్నది. సంబంధం మాట్లాడడానికి వచ్చిన పెద్దలు "అబ్బాయి ఏం చేస్తున్నాడు?" అని అడిగితే, ముప్ఫయ్యేళ్ళు గూడ్సు బండ్లు నడిపిన తండ్రి గాని, అన్నేళ్ళూ తపాలా కౌంటరులో కూర్చున్న తల్లి గాని ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోతున్నారు. "కంప్యూటరు పని" అంటే "ఏ కంపెనీ?" అని మరుప్రశ్న. కంపెనీ లేదు. సొంత వ్యాపారమా అంటే దుకాణం లేదు, సరుకు లేదు, గుమ్మం మీద బోర్డు లేదు. జీతమెంత అంటే ఒక నెల ఉన్నది, మరొక నెల లేదు. చివరకు పిల్లవాడు ఇంకా స్థిరపడలేదని తీర్మానించి వారు కాఫీ తాగి వెళ్ళిపోతున్నారు. నిజానికి ఆ పిల్లవాడు ముందు రాత్రి రెండు గంటల దాకా పని చేసి ఉన్నాడు.

రైల్వే, తపాలా ఉద్యోగుల పత్రికకు ఈ విషయంతో పని ఏమిటని కొందరు సభ్యులు అడుగవచ్చును. పని ఉన్నది. మన ఉద్యోగాలు తరగిపోతున్నవి, పిల్లలు పెరుగుతున్నారు. 2019లో రైల్వే నియామక బోర్డులు ప్రకటించిన సుమారు 35 వేల నాన్-టెక్నికల్ ఖాళీలకు కోటి ఇరవై లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చినవి. మిగిలిన కోటిమందీ ఎక్కడికి పోతారు? అందులో కొందరు మన ఇళ్ళలోనే ముందు గదిలో ల్యాప్‌టాపు ముందు కూర్చొని ఉన్నారు. వారిని నిరుద్యోగులని కొందరు, చిన్న పెట్టుబడిదారులని మరికొందరు అనడం వింటున్నాము. రెండూ పొరపాటే. వారు పనివారు. హాజరుపట్టీ ఒక్కటే లేదు.

వారు చేసే పని ఏమిటో ముందు తెలుసుకుందాము. ఒక ఆసుపత్రి గాని, విత్తనాల దుకాణం గాని, బడి గాని తన వివరాలు నలుగురికి తెలియజేయడానికి, దరఖాస్తులు పుచ్చుకొనడానికి, సొమ్ము జమ చేసుకొనడానికి ఒక వెబ్‌సైటు కావాలనుకుంటుంది. దానిని కట్టేవాడు వెబ్ డెవలపర్. కట్టడం అన్న మాట మేము ఊరికే వాడలేదు. ఇది తాపీపని వంటిదే. హెచ్.టి.ఎం.ఎల్. అనే భాషతో గోడలు లేస్తవి, సి.ఎస్.ఎస్.తో సున్నము, రంగు పడతవి, జావాస్క్రిప్టుతో తలుపులు తెరుచుకొని మూసుకుంటవి. ఆ తర్వాత ఏటేటా మరమ్మతు తప్పదు. రైలు టికెట్టు కొనడానికి మన ప్రయాణికుడు ఫోనులో తెరిచే పుట కూడా ఇటువంటి చేతులు కట్టినదే. ఈ విద్యకు మూలమైన వరల్డ్ వైడ్ వెబ్‌ను టిమ్ బెర్నర్స్-లీ 1989లో జెనీవా దగ్గర సెర్న్ పరిశోధనాలయంలో ప్రతిపాదించినాడు. ఆ సంస్థ 1993 ఏప్రిల్ 30న దానిని ఎవరూ రాయల్టీ చెల్లించనక్కర లేకుండా లోకానికి వదిలివేసినది. ప్రజల పన్నుల సొమ్ముతో నడిచే పరిశోధనాలయంలో పుట్టి ఉచితంగా చేతికందిన సాధనం మీద నేటి మహా వ్యాపార సామ్రాజ్యాలు లేచినవన్న సంగతి, ప్రభుత్వరంగం వల్ల ఏమి లాభమని అడిగేవారికి అప్పుడప్పుడు గుర్తు చేయదగినది.

వెబ్ డెవలపర్లలో చాలామంది కంపెనీలలో జీతానికి ఉన్నవారే. వారి కష్టసుఖాలు వేరు. మేము ఇక్కడ మాట్లాడుతున్నది ఏ కంపెనీ లేక, ఎవరికి వారే పని వెదుక్కొని, చేసి, బిల్లు రాసుకొని, ఆ బిల్లు వసూలు చేసుకునే వారిని గురించి. వారు ఈ దారిలోకి రావడానికి కారణాలు అనేకం. సరదాకు నేర్చిన విద్య నాలుగు రూపాయలు తెచ్చేసరికి దిగినవారు ఉన్నారు. కంపెనీ పొమ్మంటే వచ్చినవారు ఉన్నారు. బిడ్డ పుట్టిన తరువాత తిరిగి ఉద్యోగంలోకి వెళ్ళే వీలులేక ఇంటినుండి మొదలుపెట్టిన స్త్రీలు ఉన్నారు. పైఅధికారి ముఖం చూడనక్కర లేని బ్రతుకు కావాలని ఇష్టపడి వచ్చినవారూ ఉన్నారు. ఈ చివరివారిని మేము తప్పు పట్టము. వారు కోరినది స్వేచ్ఛ. మన సంఘాలు కోరినదీ అదే.

మొదటి పని చుట్టమో స్నేహితుడో ఇస్తాడు. అందులో డబ్బు తక్కువ, మొహమాటం ఎక్కువ. ఆ సైటు చూసి రెండవవాడు వస్తాడు, అతడి ద్వారా మూడవవాడు. పని మొత్తానికి ఒక ధర మాట్లాడుకొనడం పరిపాటి. పీసు రేటు అంటే ఏమిటో కార్ఖానా కార్మికుడికి ఎవరూ చెప్పనక్కర లేదు. ఇక్కడ పీసు కొలతే తేలదు, అదీ విశేషం. సైటు పూర్తయిన తరువాత "ఒక చిన్న మార్పు" అని ఫోను వస్తుంది. ఆ మార్పు అయ్యాక ఇంకొకటి. బొమ్మ పెద్దది చేయాలి, రంగు మార్చాలి, పేర్ల వరుస తిప్పాలి. పది నిమిషాల పని అని పనిచ్చినవాడు అంటాడు. నిజమే, మార్చడానికి పది నిమిషాలు. ఆ మార్పువల్ల మరొకచోట చెడినదేమిటో వెదకడానికి ఒక పూట. ఈ పూటకు బిల్లు లేదు. కొత్త పని కోసం తిరిగిన రోజుకు లేదు, కొత్త విద్య నేర్చుకున్న వారానికి లేదు, బకాయి అడగడానికి చేసిన ఫోనులకు అసలే లేదు.

బకాయి గురించి కొంత విపులంగా చెప్పవలసి ఉన్నది. సగం ముందుగా, సగం పని పూర్తి అయ్యాక అన్న ఒప్పందం చాలాచోట్ల నోటిమాటగానే ఉంటుంది. సైటు నడుస్తూ ఉంటుంది, దాని మీద పనిచ్చినవాడి వ్యాపారం నడుస్తూ ఉంటుంది, చివరి వాయిదా మాత్రం రాదు. అడిగితే "వచ్చే వారం" అంటారు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు గాని, ఇక్కడ పదిసార్లు అడిగినా పెట్టరు. గట్టిగా అడిగితే రేపటి పని పోతుందన్న భయం. కోర్టుకు వెళ్ళడానికి ఆ సొమ్ము చాలదు.

అయితే మన దేశంలో దీనికి ఒక మందు ఉన్నది. అది చాలామంది పిల్లలకు తెలియదు గనుక ఇక్కడ రాస్తున్నాము. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం 2006లో వచ్చినది. ఒంటరిగా పనిచేసే వెబ్ డెవలపర్ కూడా సూక్ష్మ సంస్థగా ఉద్యమ్ నమోదు పొందవచ్చును. 2020 జులై 1 నుండి అమలులో ఉన్న ఈ నమోదుకు రుసుము లేదు. ఆ చట్టం ప్రకారం, లిఖిత ఒప్పందం లేనప్పుడు పని స్వీకరించిన 15 రోజులలోను, ఉన్నప్పుడు ఒప్పుకున్న గడువులోను సొమ్ము చెల్లించవలసినదే. ఆ గడువు ఎట్టి పరిస్థితిలోను 45 రోజులు మించరాదు. మించితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడురెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ, పనిచ్చినవాడి మీద పడుతుంది. తగవు తీర్చడానికి రాష్ట్రాలలో ఫెసిలిటేషన్ కౌన్సిళ్ళు ఉన్నవి. పని ఒప్పుకొనక ముందే నమోదు చేసుకొని ఉండుట మేలు, ఆ తరువాత చేసుకుంటే పాత బాకీకి అది అక్కరకు రాకపోవచ్చును. చట్టం కాగితం మీద ఉన్నంత చురుకుగా కౌన్సిలు గదిలో ఉండదని మాకు తెలియనిది కాదు. అయినా బిల్లు అడుగున ఉద్యమ్ సంఖ్య, ఈ చట్టం పేరు ఒక్క వరుసలో రాసి ఉండడమే కొందరికి చెల్లించే బుద్ధి పుట్టిస్తుంది.

ఇక పనివేళలు. విదేశపు పని దొరికినవాడు అదృష్టవంతుడని పేరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉదయం తొమ్మిది గంటలయ్యేసరికి హైదరాబాదులో, వారి వేసవి గడియారమైతే రాత్రి తొమ్మిదిన్నర, శీతకాలపు గడియారమైతే పదిన్నర. అక్కడివాడు కాఫీ కప్పు పట్టుకొని మాట్లాడదామంటే ఇక్కడివాడు అన్నం తిని కూర్చోవాలి. రైల్వేలో రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు చేసిన ప్రతి గంటకు 10 నిమిషాల వెయిటేజీ లెక్కకట్టి రాత్రి డ్యూటీ భత్యం ఇవ్వాలన్న పద్ధతి ఊరికే రాలేదు. రాత్రి గంట పగటి గంటతో సమానం కాదని ఒప్పించడానికి ఎన్నో ఏళ్ళు పట్టినది. ఆ యువకుడి రాత్రికి ఈ వెయిటేజీ ఎవరు కట్టారు? మన మహిళా ఉద్యోగికి 180 రోజుల ప్రసూతి సెలవు ఉన్నది, 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉన్నది. పక్క క్వార్టరులో సైటు కట్టే ఆమె కూతురికి ప్రసవమైన నెలలో ఆదాయమే లేదు. తిరిగి వచ్చేసరికి పనిచ్చేవారు మరొకరిని చూసుకొని ఉంటారు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత ఈ వృత్తిమీద మరొక నీడ పడినది. వాడుకభాషలో అడిగితే యంత్రమే ప్రోగ్రాము రాసి ఇస్తున్నది. చిన్న దుకాణపు సైటు ఆ దుకాణదారుడి కొడుకే ఒక సాయంత్రం తయారు చేసుకుంటున్నాడు. చేయి తిరిగిన పనివాడికి ఆ యంత్రమే సాయపడి పని తొందరగా ముగిస్తున్నదన్నదీ నిజమే, కాని పని తొందరగా ముగిసినదని తెలిసిన మరుక్షణం ధర తగ్గించమంటున్నారు. యంత్రం కొత్త సంగతి కాదు. ఆవిరి ఇంజను పోయినప్పుడు బొగ్గు వేసే ఫైర్‌మన్లలో ఎందరో తర్ఫీదు పొంది డీజిలు అసిస్టెంట్లయినారు. 2013 జులైలో తంతి సేవ మూతపడినప్పుడు అక్కడ మిగిలిన ఉద్యోగిని వేరే పనికి మార్చినారు, వీధిలో వదలలేదు. కారణం స్పష్టం. వెనుక సర్వీసు నిబంధనలు ఉన్నవి, సంఘం ఉన్నది. ఒంటరి డెవలపర్‌కు తర్ఫీదు ఇవ్వవలసిన బాధ్యత ఎవరిదీ కాదు. అతడే, తన ఖర్చుతో, తన రాత్రులలో నేర్చుకోవాలి.

ఇన్ని చెప్పినా, అటువంటి వారితో కూర్చొని మాట్లాడితే వారు ముందుగా చెప్పేది డబ్బు కష్టం కాదు. ఒంటరితనం. రోజంతా ఒక గదిలో ఒక తెర ముందు, పలకరించే మనిషి లేక. పని మంచిగా వచ్చిన రోజున చూపించుకొనడానికి ఎవరూ లేరు. చెడిపోయిన రోజున "ఇది నాకూ జరిగింది" అనడానికీ ఎవరూ లేరు. ఈ బాధకు విరుగుడుగానే కో-వర్కింగ్ అనే ఏర్పాటు పుట్టినది. ఎవరి పని వారిదైనా, ఒక పెద్ద గదిలో బల్లలు వేసుకొని అందరూ కలిసి కూర్చొనడం, విద్యుత్తు, ఇంటర్నెట్టు, కాఫీ ఖర్చు పంచుకొనడం.

దాని పుట్టుక కథ ఆసక్తికరమైనది. శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామరు ఉండేవాడు. ఉద్యోగంలో ఉంటే స్వేచ్ఛ లేదు, సొంతంగా చేసుకుంటే తోడు లేదు. ఈ రెండూ ఒకచోట ఎందుకు ఉండరాదని అతడు ఆలోచించి, 2005 ఆగస్టులో స్పైరల్ మ్యూజ్ అనే స్త్రీల సమష్టి గృహంలో వారానికి రెండు రోజులు ఒక గది తీసుకున్నాడు. అద్దె నెలకు 300 డాలర్లు. మడత బల్లలు తెచ్చి వేసి కూర్చున్నాడు. మొదటి నెల ఒక్కరూ రాలేదు. తరువాత ఒక్కరొక్కరుగా వచ్చినారు. అక్కడ కలిసి భోజనం చేసేవారు, నడుమ కాసేపు ధ్యానం, సైకిలు మీద షికారు ఉండేవి. మన పాఠకులు గమనించవలసిన నియమం ఒకటి ఉన్నది. సాయంత్రం 5 గంటల 45 నిమిషాలకు గది మూసివేయడమే. ఎంత పని మిగిలినా సరే. యజమాని లేని మనిషి తనకు తానే పెట్టుకున్న డ్యూటీ ముగింపు వేళ అది. పైన ఎవరూ లేకపోతే పనికి హద్దు ఉండదని అతడికి అనుభవంలో తెలిసి ఉండాలి. ఆ ఆలోచనను అతడు తన సొత్తుగా దాచుకొనలేదు, ఎవరైనా తీసుకొని తమ ఊళ్ళో పెట్టుకోండి అన్నాడు. అట్లే పెట్టుకున్నారు. 2007లో ఫిలడెల్ఫియాలో వెలసిన ఇండీ హాల్ ఆ తొలినాటి బృందాలలో ఒకటి.

తరువాత జరిగినది అందరికీ తెలిసిన కథే. నలుగురు కలిసి కూర్చున్న గదిలో లాభం ఉన్నదని పెట్టుబడి కనిపెట్టినది. 2010లో న్యూయార్కులో మొదలైన వీవర్క్ అనే కంపెనీ పెద్ద పెద్ద భవనాలు దీర్ఘకాలపు అద్దెకు తీసుకొని, బల్లల లెక్కన నెలనెలా అద్దెకు ఇచ్చినది. 2019 జనవరిలో దాని విలువ 4,700 కోట్ల డాలర్లని ప్రకటించినారు. అదే ఏడు వాటాల అమ్మకం తలపెట్టి విరమించుకున్నది. 2023 నవంబరులో అమెరికాలో దివాలా రక్షణ కోరినది. ఇప్పుడు మన నగరాలలో కో-వర్కింగ్ పేరిట కనబడే అద్దాల అంతస్తులలో పెద్ద కంపెనీలే వందల బల్లలు ఒక్కసారి తీసుకొని తమ ఉద్యోగులను కూర్చోబెడుతున్నవి. పేరు సహజీవనం, సారం అద్దె వ్యాపారం. కాఫీ ఉచితమని గోడమీద రాసి ఉంటుంది. నెల అద్దెలో దాని వెల ఎక్కడ కలిసి ఉన్నదో లెక్కలు రాసే తపాలా ఉద్యోగికి మేము చెప్పనక్కర లేదు.

కాని చిన్న గదులు పోలేదు. పాతికమంది లోపు కూర్చునే చోట్ల, నడిపేవాడు కూడా అక్కడే ఒక బల్ల దగ్గర పనిచేసుకునే చోట్ల, అసలు సంగతి ఇంకా బ్రతికే ఉన్నది. మనలో రన్నింగ్ రూములో రాత్రులు గడిపినవారికి, ఆర్.ఎం.ఎస్. విశ్రాంతి గృహంలో పడుకున్నవారికి అది వెంటనే అర్థమవుతుంది. వేర్వేరు షెడ్ల నుండి, వేర్వేరు సెక్షన్ల నుండి వచ్చినవారు అక్కడ కలుస్తారు. ఒకరి బండి మరొకరిది కాదు. అయినా ఏ సిగ్నలు దగ్గర జాగ్రత్త పడాలో, ఏ అధికారి ఎట్టివాడో, ఏ ఉత్తర్వు ఎవరు ఎగ్గొడుతున్నారో తెలిసేది అక్కడే. కో-వర్కింగ్ గదిలోనూ ఇదే జరుగుతుంది. ఒకడు మూడు గంటలుగా తల పట్టుకున్న తప్పును పక్కవాడు వచ్చి ఒక్క చూపులో పట్టి ఇస్తాడు. బొమ్మలు గీసేవాడికి సైటు కట్టేవాడు కావాలి, సైటు కట్టేవాడికి తెలుగు రాసేవాడు కావాలి, ముగ్గురూ ఒకే వరుసలో ఉంటారు. జ్వరం వచ్చినవాడి అత్యవసర పని మరొకడు చూస్తాడు. అన్నిటికన్న ముఖ్యమైనది, ఎవరు ఎంత ధర అడుగుతున్నారో, ఎవరు సొమ్ము ఎగవేస్తారో అక్కడ బయటపడుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు తన ధర ఎక్కువేమోనని భయపడినవాడు, నలుగురి మధ్య కూర్చున్నాక అది తక్కువని తెలుసుకుంటాడు. కూలి రేటు నలుగురిలో చెప్పుకొనడంతోనే అనేక ఉద్యమాలు మొదలైనవి.

ఈ సందర్భంలో వారి అభిరుచులను గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. మన పెద్దలు ఎనిమిది గంటల పనిదినం కోసం పోరాడినది ఒట్టి విశ్రాంతి కోసం కాదు. మనిషికి తనదైన కాలం కొంత ఉండాలని. ఆ కాలంతో మనవారు ఏమి చేసినారో ఖరగ్‌పూర్ నుండి గుంతకల్ వరకు రైల్వే ఇన్‌స్టిట్యూట్ల రంగస్థలాలు చెబుతవి. పగలు పట్టాల మీద పనిచేసినవాడు రాత్రి ముఖానికి రంగు వేసుకొని కర్ణుడో, కరణమో అయ్యేవాడు. తపాలా వినోద సంఘాలలో క్యారమ్స్, గ్రంథాలయం, వార్షికోత్సవం ఉండేవి. డ్యూటీ దిగిన మనిషికి మరో బ్రతుకు ఉండేది.

సొంతంగా పనిచేసే డెవలపర్‌కు డ్యూటీ దిగడమనేదే లేదు. అతడి వృత్తి చాలావరకు అభిరుచినుండే పుట్టినది గనుక ఏది పనో, ఏది సరదాయో గీత గీయలేము. కొందరు తమ తీరికను తెలుగు వికీపీడియాకు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు ఇస్తున్నారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఈనాటి స్థితికి వచ్చినది జీతం లేని ఇటువంటి చేతుల మీదుగానే. ఇది నిష్కళంకమైన సేవ, మేము తలవంచి అభినందిస్తున్నాము. కాని ఫొటోలు తీసే సరదా ఉన్నవాడిని "అమ్ముకోరాదా?" అనీ, వంట బాగా చేసే అమ్మాయిని "వీడియోలు పెట్టరాదా?" అనీ ఊరంతా తొందరపెడుతున్నది. ప్రతి సరదాకూ ఒక ధర చీటీ అంటించాలన్న ఈ ఒత్తిడి మాకు నచ్చదు. పైసా రాని పని ఒకటైనా లేని మనిషి త్వరగా అరిగిపోతాడు. మంచి కో-వర్కింగ్ గదులలో శనివారం క్రికెట్టు ఆట, నెలకొకసారి ఎవరికి తెలిసినది వారు చెప్పే సాయంత్రం, కలిసి సినిమాకు పోవడం ఉంటున్నవి. ఇవి చిన్న విషయాలుగా తోచవచ్చును. మన ఇన్‌స్టిట్యూట్లలో నాటకమాడిన జట్టే తరువాత సంఘం చందాలు వసూలు చేసిన జట్టు అయిన ఊళ్ళు ఎన్ని లేవు!

అయినప్పటికీ కలిసి కూర్చొనడం వేరు, కలిసి నిలబడడం వేరు. గది మూతపడితే ఆ స్నేహం చెదిరిపోతుంది. ఒకరి బకాయికోసం పదిమంది వెళ్ళి అడిగే ఏర్పాటు అక్కడ లేదు. "వారికి యజమాని ఎవరు? ఎవరి మీద సంఘం పెట్టుకుంటారు?" అనే ప్రశ్న వెంటనే వస్తుంది. ఈ ప్రశ్నకు జవాబు మన దేశంలోనే దొరికి యాభై ఏళ్ళు దాటినది. 1972లో అహమ్మదాబాదులో ఇలా భట్ నాయకత్వాన బట్టల మూటలు మోసేవారు, కూరగాయలు అమ్మేవారు, ఇంటివద్ద కుట్టుపని చేసేవారు స్వయం ఉపాధి మహిళల సంఘంగా, సేవా పేరిట, నమోదుకు వెళ్ళినప్పుడు కార్మికశాఖ అధికారులు ఇదే అడిగినారు. యజమాని లేనిదే యూనియన్ ఏమిటన్నారు. సంఘం ఎవరికో వ్యతిరేకంగానే ఉండాలని లేదు, పనివారి ఐక్యత కోసం ఉంటుందని వారు వాదించినారు. ఆ ఏడు ఏప్రిల్‌లోనే నమోదు సాధించినారు. రెండేళ్ళకు సొంత సహకార బ్యాంకు పెట్టుకున్నారు.

తపాలా శాఖలో మనకు ఇంతకన్న దగ్గరి ఉదాహరణ ఉన్నది. ఎక్‌స్ట్రా డిపార్టుమెంటల్ ఏజెంటు పూర్తికాలపు ఉద్యోగి కాడన్నారు, అతడికి వేరే జీవనాధారం ఉండాలన్నారు, ఏజెంటు అని పేరే పెట్టినారు. 1977లో సుప్రీంకోర్టు రాజమ్మ కేసులో అతడు సివిలు పదవి కలవాడేనని తీర్పు చెప్పినది. నేటి గ్రామీణ డాక్ సేవకుల పోరాటం ఇంకా ముగియలేదు, అది వేరే సంపాదకీయం. ఇక్కడ చెప్పదలచినది ఒక్కటే. "నీవు మా ఉద్యోగివి కావు" అన్న మాట విని సంఘం పెట్టుకోకుండా ఊరుకున్నవారు మనలో లేరు.

విదేశాలలో కొంత కదలిక వచ్చినది. న్యూయార్కు నగరంలో స్వతంత్రంగా పనిచేసేవారు సంఘటితమై 2016లో ఒక చట్టం సాధించినారు. 2017 మే 15 నుండి అమలైన దాని ప్రకారం 800 డాలర్లు గాని, అంతకు పైన గాని విలువగల పనికి లిఖిత ఒప్పందం తప్పనిసరి. గడువు రాయనిచోట పని ముగిసిన 30 రోజులలో సొమ్ము చెల్లించాలి. వేల్స్‌లో కో-వర్కింగ్ గదులు నడిపే ఇండీక్యూబ్ అనే సంస్థ, ఉక్కు కార్మికుల సంఘాన్ని వారసత్వంగా కలిగిన కమ్యూనిటీ అనే యూనియన్‌తో 2017లో చేతులు కలిపినది. కొలిమి దగ్గర నిలబడిన కార్మికుల సంఘం, ల్యాప్‌టాపు ముందు కూర్చున్నవారి చేయి పట్టుకున్నదన్నమాట.

మన ప్రభుత్వం ఏమి చేసినది? 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో గిగ్ వర్కరు, ప్లాట్‌ఫారం వర్కరు అన్న మాటలు మొదటిసారి చట్టమెక్కినవి. ఓలా, స్విగ్గీ వంటి మధ్యవర్తి కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో ఒకటి నుండి రెండు శాతం నిధికి చెల్లించాలన్నారు. మంచిదే. కాని ఏ మధ్యవర్తీ లేక, నేరుగా పనిచ్చేవారితో మాట్లాడుకునే డెవలపర్ తరఫున ఈ నిధికి చెల్లించేదెవరు? ఎవరూ లేరు. 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్‌లో అసంఘటిత కార్మికుడిగా నమోదు కాబోతే ఆదాయపు పన్ను కట్టేవారికి చోటు లేదన్నారు. పన్ను కట్టేటంత సంపాదించిన ఏడాది తరువాత పనే దొరకని ఏడాది రావచ్చునన్న సంగతి ఆ నిబంధన రాసినవారికి తోచలేదు. నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం 2020-21లో గిగ్ కార్మికులు 77 లక్షలు, 2029-30కి 2 కోట్ల 35 లక్షలు కాగలరని అంచనా. వీరిలో ఎందరు సైటు కట్టేవారో విడిగా లెక్కపెట్టే ఆసక్తి ప్రభుత్వానికి ఉన్నట్లు లేదు. లెక్క లేనిచోట బడ్జెట్టూ ఉండదు.

మన ఫెడరేషన్ ఈ పనివారందరినీ రేపే సభ్యులుగా చేర్చుకొనజాలదు, మన నిబంధనావళి అందుకు వీలివ్వదు. వారి సంఘం వారే పెట్టుకోవాలి. కాని చేతిలో ఉన్నదేదో చేయవచ్చును. మన ఇన్‌స్టిట్యూట్ హాళ్ళు, వినోద సంఘాల గదులు పగలు చాలాచోట్ల తాళం వేసి ఉంటున్నవి. అందులో ఫ్యాన్లున్నవి, బల్లలున్నవి, కొన్నిచోట్ల వాడనివ్వక దుమ్ముపట్టిన పుస్తకాల బీరువాలున్నవి. ఉద్యోగుల పిల్లలలో ఇటువంటి పని చేసుకునేవారికి ఉదయం తొమ్మిది నుండి సాయంత్రం ఆరు వరకు ఆ గది తెరిచి ఉంచడానికి పాలకవర్గాల అనుమతి కోరవచ్చును. ఇంటర్నెట్టు ఖర్చు వారే పంచుకుంటారు. ఆరు గంటలకు తాళం వేయడం మాత్రం మరువరాదు, ఆ సంగతి న్యూబర్గ్‌కు ఇరవయ్యేళ్ళ క్రితమే తెలిసినది.

ఒప్పందపు కాగితం ఎట్లు రాయాలో, ఉద్యమ్ నమోదు ఎట్లు చేయాలో, వడ్డీతో సహా బకాయి నోటీసు ఎట్లు పంపాలో చెప్పగల పాత కార్యదర్శులు మన ప్రతి శాఖలోను ఉన్నారు. డివిజనల్ మేనేజరుకు మెమొరాండం రాసిన చేతికి విత్తనాల దుకాణదారుడికి నోటీసు రాయడం కష్టమేమీ కాదు. అందుకు ప్రతిగా ఆ పిల్లలు మన శాఖల సభ్యత్వపు లెక్కలు, వార్తలు పెట్టుకొనడానికి ఒక సైటు కట్టి ఇస్తామంటే సంతోషమే. అయితే దానికి న్యాయమైన ధర చెల్లించవలసి ఉంటుంది. సంఘం పని గదా అని ఉచితంగా అడుగరాదు.

శాఖా కార్యదర్శులు తమ కాలనీలలో ఇట్లు సొంతంగా పనిచేసుకునేవారు ఎందరున్నారో, ఏయే పనులు చేస్తున్నారో, ఎవరికి ఎంత బకాయి ఎన్ని నెలలుగా రావలసి ఉన్నదో విచారించి, వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో ఈ విషయం చేర్చవలసినదిగా కోరుతున్నాము. ఆ సమావేశానికి వారిని కూడా పిలవండి. ఆదివారం ఉదయం పెడితే వస్తారు, శనివారం రాత్రి పని చేసి ఉంటారు గనుక పది గంటల తరువాత పెట్టండి.